‘1984’లోని విక్టరీ స్క్వేర్: అంత నిఘా మధ్య ఆ ఇద్దరూ అక్కడే ఎందుకు కలుసుకున్నారు?

జార్జ్ ఆర్వెల్ ‘1984’ నవలలో రాజధాని నడిబొడ్డున కనిపించే విక్టరీ స్క్వేర్ నిజంగా ఉన్న చోటేనా అని మీరు అడిగారు. చుట్టూ టెలిస్క్రీన్లు (మనుషులను చూస్తూ, వింటూ ఉండే నిఘా తెరలు) ఉన్న ఆ కూడలినే కథానాయకుడు విన్‌స్టన్, అతడి ప్రియురాలు జూలియా తమ రహస్య సమావేశానికి ఎంచుకోవడంలో తర్కం ఏమిటనీ, శత్రువుల మీద కసి రేపే ద్వేష వారోత్సవంలో ఉన్నట్టుండి శత్రుదేశం పేరు మారిపోయే ప్రసంగమూ ఖైదీల బహిరంగ ఉరితీతలూ అక్కడే జరిగాయా అనీ కూడా అడిగారు. ఈ నవలను చాలాకాలం తరగతిలో పాఠంగా చెప్పినవాడిగా నాకు రెండో ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యమైనదనిపిస్తుంది. అయితే ఆ చోటు ఎలాంటిదో తెలియకుండా దానికి జవాబు చెప్పడం కష్టం కాబట్టి ముందు చోటు సంగతి చూద్దాం.

ఒక చిన్న సవరణతో మొదలుపెడతాను. నవలలోని లండన్, ఓషియానియా అనే మహారాజ్యానికి రాజధాని కాదు; అది ఎయిర్‌స్ట్రిప్ వన్ అనే ఒక ప్రాంతానికి ముఖ్యపట్టణం మాత్రమే. ఓషియానియాకు రాజధాని అంటూ ఏదీ లేదనీ, దాని నామమాత్రపు అధినేత ఎక్కడ ఉంటాడో ఎవరికీ తెలియదనీ పాలకులకు బద్ధశత్రువుగా చెప్పే గోల్డ్‌స్టీన్ పేరిట నవలలో వచ్చే గ్రంథం స్పష్టంగా చెబుతుంది. నాలుగు మంత్రిత్వ శాఖల భవనాలు నగరంలో ఎక్కడెక్కడో ఆకాశాన్నంటుతూ ఉంటాయి కానీ, వాటిలో ఒక్కటైనా ఈ కూడలిలో ఉన్నట్టు ఆర్వెల్ చెప్పలేదు. కాబట్టి విక్టరీ స్క్వేర్‌లో పాలన సాగదు. జనం పోగై తలెత్తి చూడటానికీ, చూస్తున్నారో లేదో పైవాళ్లు గమనించడానికీ ఏర్పాటైన స్థలం అది.

ఇక మీ మొదటి ప్రశ్న. అది లండన్‌లోని ట్రఫాల్గర్ స్క్వేరే. ఆ పాత పేరును నవల ఎక్కడా చెప్పదు, చెప్పవలసిన అవసరమూ లేదు. నిలువునా గాడులు చెక్కిన పెద్ద స్తంభం, దాని శిఖరాన దక్షిణం వైపు చూస్తున్న విగ్రహం, స్తంభం అడుగున సింహాలు, ఉత్తరం వైపు చిత్రశాల, దాని పక్కన మెట్లూ స్తంభాలూ త్రికోణపు ముఖద్వారమూ ఉన్న సెయింట్ మార్టిన్స్ చర్చి, ఇవన్నీ చెప్పాక లండన్‌ను ఒక్కసారి చూసినవారెవరూ పొరబడరు. 1805 నాటి ట్రఫాల్గర్ నౌకాయుద్ధంలో గెలిచి, అదే యుద్ధంలో మరణించిన నెల్సన్ కోసం కట్టిన ఆ స్తంభం 1843లో పూర్తయింది. విగ్రహంతో కలిపి దాని ఎత్తు దాదాపు 52 మీటర్లు. కింద ఉన్న నాలుగు కంచు సింహాలు 1867లో వచ్చాయి. నవలలో నెల్సన్ స్థానంలో, ఓషియానియాను ఏలే పార్టీకి అధినేత అయిన బిగ్ బ్రదర్ ఉన్నాడు. నెల్సన్ సముద్రం వైపు చూస్తున్నట్టే ఇతడూ దక్షిణానికే చూస్తాడు. కాకపోతే ఇతడు చూసేది ఎయిర్‌స్ట్రిప్ వన్ యుద్ధంలో తాను శత్రు మహారాజ్యమైన యూరేషియా విమానాలను మట్టుబెట్టినట్టు చెప్పే ఆకాశం వైపు. అవి కొన్నేళ్ల క్రితం దాకా మరో మహారాజ్యమైన ఈస్టేషియా విమానాలుగా ఉండేవని ఆర్వెల్ కుండలీకరణాల్లో ఒక చిన్న ముక్క చేరుస్తాడు. చదువరి తొందరలో ఉంటే దాన్ని దాటిపోతాడు. కానీ నవల రెండో భాగం చివర్లో రాబోయే పెద్ద అబద్ధానికి విత్తనం ఇక్కడే పడింది.

ఆర్వెల్ ఆ కూడలిలో మార్చినది చాలా తక్కువ అని గమనించండి. కూడలి పేరు మారింది, స్తంభం మీది మనిషి మారాడు, ఒక చర్చి ప్రదర్శనశాల అయింది. రాళ్లూ, మెట్లూ, సింహాలూ అన్నీ యథాతథంగా ఉన్నాయి. గతాన్ని చెరిపేయడానికి కూల్చివేతలు అక్కరలేదని ఈ నవల చెప్పే మాట మరే చోటా ఇంత స్పష్టంగా కనబడదు. దీనికి అన్నిటికన్నా మంచి ఉదాహరణ చాలామంది పట్టించుకోకుండా వదిలేసే గుర్రపు విగ్రహం.

స్తంభానికి ఎదురుగా వీధిలో గుర్రం మీద ఒక మనిషి విగ్రహం ఉందనీ, అది ఆలివర్ క్రాంవెల్‌దని అనుకుంటారనీ ఒకే వాక్యంలో చెప్పి నవల ముందుకు సాగిపోతుంది. నిజానికి అక్కడ ఉన్నది ఒకటో చార్లెస్ రాజు. హ్యూబర్ట్ ల స్యూర్ అనే ఫ్రెంచి శిల్పి 1633లో పోతపోసిన కంచు విగ్రహం అది. ఆ రాజుకు మరణశిక్ష వేసి 1649 జనవరి 30న తల నరికిన చోటు వైట్‌హాల్, అంటే ఆ విగ్రహం చూస్తున్న వీధే. శిక్షాపత్రం మీద సంతకం చేసినవారిలో క్రాంవెల్ ఒకడు. తరువాత విగ్రహాన్ని ముక్కలు చేసి కరిగించమని ఒక లోహపు పనివాడికి అమ్మితే అతడు దాన్ని గుట్టుగా దాచాడు. రాచరికం తిరిగి వచ్చాక అది బయటికి వచ్చి 1670లలో ఇప్పుడున్న చోట నిలబడింది. అంటే ఒక ప్రభుత్వం చెరిపేయాలనుకున్నా దక్కిన విగ్రహం అది. దాన్ని పార్టీ విరగ్గొట్టలేదు, కరిగించలేదు; తల పోగొట్టుకున్న రాజుకు ఆ తల తీయించిన మనిషి పేరు తగిలించి ఊరుకుంది. అసలు క్రాంవెల్ విగ్రహం 1899 నుంచి పార్లమెంటు దగ్గర వెస్ట్‌మిన్‌స్టర్ హాల్ బయట ఉంది. ఒక చేత కత్తి, ఒక చేత బైబిలు పట్టుకుని నేల మీద నిలబడి ఉంటాడే తప్ప గుర్రం మీద లేడు. లండన్ నుంచి ఇతర ఊళ్లకు దూరాలు కొలిచేటప్పుడు చార్లెస్ విగ్రహం ఉన్న చోటునే మొదలుగా తీసుకోవడం ఆనవాయితీ. దేశమంతటి కొలతలకూ ఆధారమైన బిందువు మీదనే తప్పుడు పేరు ఉన్నదన్నమాట. ఆర్వెల్ ఇంత దూరం ఆలోచించారని నేను వాదించను గానీ, ఆంగ్లేయ పాఠకులు అక్కడ చటుక్కున నవ్వుకుంటారన్నది ఆయనకు తెలియకుండా ఉండదు. మనకు ఆ నేపథ్యం తెలియకపోతే వాక్యం చప్పగా పోతుంది.

‘విక్టరీ’ అన్న పేరు కూడా గాలిలోంచి పుట్టలేదు. నవలలో జిన్, సిగరెట్లు, కాఫీ, విన్‌స్టన్ ఉండే శిథిలమైన ఇళ్ల సముదాయం, అన్నీ విక్టరీలే; నాసిరకం వస్తువు ప్రతిదానికీ ఆ పేరే. రెండో ప్రపంచ యుద్ధ కాలపు లండన్‌లో ఈ మాట ఎక్కడ చూసినా కనిపించేది. 1943 మార్చిలో యుద్ధ విమానాల కోసం ప్రజల దగ్గర పొదుపు నిధులు సేకరించడానికి ‘వింగ్స్ ఫర్ విక్టరీ’ వారోత్సవం జరిగినప్పుడు, అసలైన లాంకాస్టర్ బాంబర్ విమానాన్ని తెచ్చి ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నిలబెట్టారు. ఆర్వెల్ అప్పుడు లండన్‌లోనే, బీబీసీలో, భారతదేశానికి ప్రసారాలు తయారుచేసే విభాగంలో పని చేస్తున్నారు. వారోత్సవం, విక్టరీ, ప్రచార ఫలకాలు, ప్రదర్శనకు పెట్టిన బాంబర్ విమానం అన్నీ ఒకే కూడలిలో ఆయన కళ్లెదుటే ఉన్నాయి. నవలలోని సెయింట్ మార్టిన్స్ ప్రదర్శనశాలలో రాకెట్ బాంబుల నమూనాలు, తేలియాడే కోటల నమూనాలు, శత్రువుల దురాగతాలను చూపే మైనపు బొమ్మలు ఉంటాయి. కాబట్టి విక్టరీ స్క్వేర్‌ను కేవలం మాస్కో నుంచి తెచ్చి లండన్‌లో పెట్టినట్టు చదవడం పొరపాటని నా అభిప్రాయం. మాస్కో ఛాయ లేదనీ కాదు. 1944 జూలై 17న దాదాపు 57,000 మంది జర్మన్ యుద్ధఖైదీలను మాస్కో వీధుల్లో జనం ముందు నడిపించారు. విక్టరీ స్క్వేర్ పక్కనుంచి సాగే ఖైదీల లారీలను చదివినప్పుడు అది గుర్తుకు రాకమానదు.

ఇప్పుడు రెండో ప్రశ్నకు వద్దాం. ముందు ఆ కూడలి అసలు స్వభావం తెలియాలి. ట్రఫాల్గర్ స్క్వేర్ 1844లో ప్రజలకు తెరుచుకున్న నాటి నుంచీ పాలకులకు అది ఒక తలనొప్పి. అంత ఖాళీ జాగా ఉంటే జనం పోగవుతారన్న భయంతో, కొంత చోటు ఆక్రమించడం కోసమే అక్కడ పెద్ద నీటి తొట్లూ ఫౌంటెన్లూ పెట్టించారని చెబుతారు. ఆ భయం అబద్ధమూ కాలేదు. 1887 నవంబరు 13న నిరుద్యోగం మీదా, ఐర్లండ్‌లో అణచివేత మీదా నిరసన తెలపడానికి వచ్చిన జనాన్ని పోలీసులూ సైనికులూ చెదరగొట్టిన రోజుకు ‘బ్లడీ సండే’ అన్న పేరు మిగిలింది. మదనపల్లె కళాశాల పేరుతో మనకు పరిచయమైన అనీ బెసెంట్ ఆ నాటి నిరసనలో ఉన్నారు. 1920లలో కూడలి ఆగ్నేయ మూలన ఒక దీపస్తంభపు రాతి దిమ్మెను లోపల తొలిచి, ఒక్క మనిషి పట్టేంత పోలీసు గది చేశారు. సన్నటి కంతల్లోంచి గుంపులను గమనిస్తూ, అవసరమైతే టెలిఫోనులో పై అధికారులను పిలిచేందుకు. ఆ దిమ్మె ఇప్పటికీ ఉంది, వెళ్తే చూడవచ్చు. టెలిస్క్రీన్ రావడానికి చాలా ముందే ఆ కూడలి నిఘా కన్ను కింద ఉన్నదే.

జనం చేరడానికి భయపడే ప్రభుత్వం చోటును ఇరుకు చేస్తుంది. జనం చేరడాన్నే ఆయుధంగా వాడుకునే ప్రభుత్వం చోటును అలాగే ఉంచి, ఎప్పుడు చేరాలో, ఎటు చూడాలో తానే నిర్ణయిస్తుంది. ఆర్వెల్ ఊహించిన పార్టీ రెండో రకానిది. అయితే గుంపును పోగుచేసినప్పుడు ఒక ఇబ్బంది వచ్చిపడుతుంది. గదిలో ఒంటరిగా ఉన్న మనిషి ముఖంలో కదిలే ప్రతి కండరాన్నీ టెలిస్క్రీన్ చదవగలదు. భుజాలు ఒరుసుకుంటూ ఒకే దిక్కు చూస్తున్న వేలమందిలో ఎవరి పెదవి కదిలిందో పట్టుకోవడం దానికి కూడా కష్టమే. జూలియా లెక్క సరిగ్గా ఇదే. భోజనశాలలో ఇద్దరూ క్షణాల్లో మాట్లాడుకున్నప్పుడు, విక్టరీ స్క్వేర్‌లో స్తంభం దగ్గర కలుద్దామని ఆమె అంటే అక్కడ టెలిస్క్రీన్లు నిండి ఉంటాయని విన్‌స్టన్ గుర్తుచేస్తాడు. జనం ఉంటే ఫరవాలేదని ఆమె అంటుంది. వెంటనే నిబంధనలన్నీ ఆమే పెడుతుంది: చాలామంది మధ్య నేను కనబడేదాకా దగ్గరికి రావద్దు, నా వైపు చూడవద్దు, ఊరికే దగ్గర్లో ఉండు. ప్రమాదాన్ని గుర్తుచేసినవాడు విన్‌స్టన్, చోటు చెప్పినదీ దాన్ని వాడుకోవడం తెలిసినదీ జూలియా. ఆ ఇద్దరి మధ్య తేడా మొత్తం ఈ నాలుగు మాటల్లో ఉంది.

వేరే దారులేవీ లేవా అంటే, ఆర్వెల్ వాటిని ముందే ఒక్కొక్కటిగా మూసేశారు. విన్‌స్టన్ ఆమెకు ఉత్తరం రాయలేడు, దారిలో ప్రతి ఉత్తరాన్నీ విప్పి చూస్తారు. ఇంటిదాకా వెంట వెళ్లలేడు, మంత్రిత్వ శాఖ బయట తచ్చాడితే ఎవరైనా గమనిస్తారు. మిగిలింది గుంపు ఒక్కటే.

ఆ సాయంత్రం దృశ్యాన్ని నెమ్మదిగా చదవండి. విన్‌స్టన్ ముందుగానే వచ్చి స్తంభం చుట్టూ తిరుగుతాడు. ఏడు గంటలు దాటి ఐదు నిమిషాలైనా ఆమె రాదు. ఉత్తరం వైపు నడిచి, ఒకప్పుడు గంటలు మోగిన సెయింట్ మార్టిన్స్ చర్చిని గుర్తుపట్టి కాస్తంత సంతోషపడతాడు. తిరిగి చూస్తే ఆమె స్తంభం అడుగున నిలబడి, పైకి మెలికలు తిరుగుతూ పోతున్న ప్రచారపత్రాన్ని చదువుతున్నట్టు నటిస్తూ ఉంటుంది. చుట్టూ టెలిస్క్రీన్లు ఉన్నాయి కాబట్టి అతడు ఇంకా దగ్గరికి పోలేడు. అప్పుడే లారీల మోత, కేకలు, అందరూ ఒక్కసారిగా దక్షిణం వైపు పరుగు. ఆమె సింహాల చాటునుంచి చురుగ్గా మలుపు తిరిగి పరుగులో కలిసిపోతుంది. యూరేషియా ఖైదీల వాహనశ్రేణి వెళ్తోందని అతడికి పరుగులోనే తెలుస్తుంది. భారీ శరీరం ఉన్న ఒక శ్రామికుడికీ, అంతే భారీగా ఉన్న అతడి భార్యకూ మధ్య ఇరుక్కుని, తోసుకుని, చివరికి ఆమె పక్కన నిలబడతాడు. ఇద్దరూ ఎదురుగానే చూస్తారు. లారీ కుదిపినప్పుడల్లా ఖైదీల కాళ్లకున్న సంకెళ్లు గలగలమంటాయి. ఆ రొదలో, పెదవులు కదిలీ కదలనట్టుగా, పాడింగ్టన్ స్టేషన్ నుంచి అరగంట రైలు ప్రయాణం, స్టేషన్ బయట ఎడమకు మలుపు, రెండు కిలోమీటర్ల నడక, పై కమ్మీ ఊడిన గేటు, పొలానికి అడ్డంగా దారి, నాచు పట్టిన ఎండుచెట్టు, ఇలా మొత్తం దారిని ఆమె సైనికాధికారి ఆజ్ఞలిచ్చినట్టు వరుసగా చెప్పేస్తుంది.

ఇక్కడ నాకు ఎప్పుడూ ఆసక్తిగా అనిపించే ఒక చిన్న వివరం ఉంది. మొదట్లో ఖైదీలను చూసి కొందరు ఈసడింపుగా అరిచినా, ఆ అరుపులు గుంపులోని పార్టీ సభ్యులవేననీ, అవి త్వరగానే ఆగిపోయాయనీ, మిగతా జనంలో ఉన్నది వట్టి కుతూహలమేననీ ఆర్వెల్ రాశారు. ద్వేషం పార్టీ సభ్యులకు నేర్పిన విద్య. సామాన్య జనం వింత చూడటానికి వచ్చారు. కూడలిని ద్వేషానికి వేదికగా అమర్చారు గానీ, అందులోకి వచ్చిన జనమంతా ఆ అమరికకు లొంగలేదు. ఆ లొంగని భాగంలోనే ఆ ఇద్దరికీ కాసింత చోటు దొరికింది.

గుంపు మీద ఆర్వెల్‌కు ఇంత సూక్ష్మమైన గమనిక ఎలా వచ్చిందంటే, ఆయన 1922 నుంచి 1927 దాకా బర్మాలో పోలీసు అధికారిగా ఉన్నారని గుర్తుంచుకోవాలి. మదమెక్కిన ఏనుగు ఒక దక్షిణ భారతీయ కూలీని చంపిన ఘటన మీద ఆయన రాసిన వ్యాసంలో, తన వెనక చేరిన రెండు వేల మంది చూపులే తన చేత ఇష్టంలేని పని చేయించాయని ఒప్పుకుంటారు. అందులో కుర్ర తెల్లదొరలు, కోరంగి కూలీ కన్నా ఏనుగే విలువైనదని అంటారు. కోరంగి అంటే కాకినాడ దగ్గరిదే, బర్మాకు వలసపోయిన మన తెలుగువాళ్లకు అక్కడ వచ్చిన పేరు. గుంపు ముందు నిలబడ్డ తుపాకి మనిషి కూడా స్వతంత్రుడు కాడని అక్కడ తెలుసుకున్న రచయితే, గుంపు మధ్యలో ఒక మనిషి కాసేపు స్వతంత్రుడు కాగలడని ఇక్కడ రాశారు.

అయితే ఈ వాదనను ఇంతటితో ఆపితే నవలకు అన్యాయం చేసినట్టే. చర్చిని గుర్తుపట్టి విన్‌స్టన్ సంతోషపడ్డాడని చెప్పాను కదా, ఆ చర్చి గురించీ, దాని గంటల పాట గురించీ అతడికి చెప్పినది ఎవరు? పాత సామాను దుకాణం నడిపే చారింగ్టన్. మొదటి భాగం ఎనిమిదో అధ్యాయంలో, చిత్రశాల పక్కన త్రికోణపు ముఖద్వారం ఉన్న భవనమని గుర్తులు చెప్పింది అతడే. ఆ చారింగ్టన్, మనసులోని తిరుగుబాటును కూడా నేరంగా పట్టుకునే ఆలోచనా పోలీసుల మనిషని చివర్లో తేలుతుంది. అంటే ఆ కూడలిలో విన్‌స్టన్ తనదిగా పట్టుకున్న ఒకే ఒక్క గతపు తునక కూడా పోలీసుల చేతిమీదుగా వచ్చినదే. పైగా ఏడేళ్లుగా తనను గమనిస్తూనే ఉన్నారని అతడు తరువాత గ్రహిస్తాడు. మరి విక్టరీ స్క్వేర్‌లో వాళ్లు ఎవరి కంటా పడలేదా? నా ఉద్దేశంలో ఎంపిక తర్కం సరైనదే. టెలిస్క్రీన్ నుంచి గుంపు వాళ్లను కాపాడింది కూడా. కానీ విన్‌స్టన్‌ను పట్టించింది యంత్రం కాదు, మంచి మాటలు చెప్పిన మనుషులు. టెలిస్క్రీన్‌ను చూసి జాగ్రత్తపడిన మనిషి, ముసలి దుకాణదారును చూసి జాగ్రత్తపడలేదు. కూడలిలో జరిగినది పొరపాటని చెప్పే విమర్శకులు ఈ తేడాను కలిపేస్తారని నాకనిపిస్తుంది.

మూడో ప్రశ్నకు జవాబు చిన్నది. శత్రువు పేరు మారిపోయే ప్రసంగం ద్వేష వారోత్సవం ఆరో రోజు రాత్రి, లండన్ నడిబొడ్డునున్న కూడళ్లలో ఒకదానిలో జరిగిందని మాత్రమే నవల చెబుతుంది, పేరు లేదు. దీపాల వెలుగులో కొన్ని వేలమంది, వాళ్లలో స్పైస్ అనే బాలదళపు యూనిఫారంలో సుమారు వెయ్యిమంది పిల్లలు ఉంటారు. వక్తకు మధ్యలో ఒక కాగితం ముక్క అందుతుంది, వాక్యం తెగకుండానే యూరేషియా స్థానంలోకి ఈస్టేషియా వస్తుంది, జనం తమ చేతిలోని జెండాలే తప్పని గ్రహించి చించేస్తారు. చాలా సారాంశాల్లో దీన్ని విక్టరీ స్క్వేర్‌గా రాయడం చూశాను. ఊహగా తప్పు కాదు, వాస్తవంగా రాయడం తప్పు. ఆ కూడలికి పేరు పెట్టకపోవడమే బాగుందని నేను అనుకుంటాను, ఎందుకంటే ఆ రాత్రి నగరంలో ఏ కూడలిలోనైనా అదే జరిగేది. ఉరితీతలు మాత్రం స్క్వేర్‌లో జరగవు. యూరేషియా ఖైదీలను ఉరితీసేది పార్క్‌లో, సుమారు నెలకొకసారి. చూడటానికి తీసుకెళ్లమని పక్కింటి పార్సన్స్ పిల్లలు మారాం చేసేది ఆ ఉరితీతల కోసమే. మీ దగ్గరున్న ప్రతిలో రెండో భాగం మొదటి అధ్యాయాన్నీ, తొమ్మిదో అధ్యాయాన్నీ వెంటవెంటనే చదివితే, స్తంభం మీది విగ్రహం గురించి కుండలీకరణాల్లో ఉన్న ఆ ముక్కకూ, ఆ రాత్రి ప్రసంగానికీ ఉన్న సంబంధం మీకే కనబడుతుంది.